రేవు దగ్గర ఆగిన ఇంజను

గంగయ్య అప్పుడే షెడ్డు తలుపులు బార్లా తీసి, ఎదురు బడ్డీలోంచి టీ తెచ్చుకున్నాడు. రేవు వైపు నుంచి కొబ్బరికాయల ఆటో ఒకటి వేగంగా వచ్చి అతని ముందు ఆగింది. డ్రైవరు కిందికి దిగకుండానే గబగబా చెప్పాడు. పెద్దిరాజుగారి కారు పంటు ఎక్కబోయి వెనక్కి జారిపోయిందట. వెనక చక్రం ఒకటి గోదావరిలో ఉందట. అమ్మగారు ఇంకా లోపలే ఉన్నారట.

 ఆ కారు నిన్న సాయంత్రం గంగయ్య షెడ్డులోంచే వెళ్ళింది. డీజిల్ ఫిల్టరు మార్చి, రోడ్డు మీద తిప్పి చూసి, ఇంజనుకి చెవి పెట్టి విని, ఇంక ఏ భయమూ లేదండీ, నిశ్చింతగా తిరగండి అంటూ తాళాలు తనే పెద్దిరాజు చేతిలో పెట్టాడు. టీ గ్లాసు ఎక్కడ పెట్టాడో అతనికి తెలియదు. అదే ఆటో ఎక్కి రేవుకి పరుగెత్తాడు.

సఖినేటిపల్లి రేవులో ఆ వేళ ఆటు మీద ఉంది గోదావరి. నీళ్ళు వెనక్కి తగ్గి, రేవు వాలు చివర నుంచి ఎత్తుగా ఉన్న పంటు అంచుకి వేసిన బల్లలు బాగా ఏటవాలుగా లేచి ఉన్నాయి. మనుషుల్నీ బళ్ళనీ వశిష్ఠ పాయ దాటించి నరసాపురం చేర్చే పంటు అది. పెద్దిరాజు కారుని బల్లల మీదికి సగం ఎక్కించేసరికి ముందున్న మోటారు సైకిళ్ళు ఆగాయి. ఆయనా ఆపాడు. నిలబడి ఉన్న ఇంజను ఒక్కసారి వణికి, నాలుగుసార్లు వెక్కి, చచ్చిపోయింది. ఇంజను ఆగిపోయాక రెండు తొక్కులకి బ్రేకు రాయిలా బిగుసుకుపోయి, ఎంత తొక్కినా పట్టలేదు. తడి బల్లల మీద కారు వెనక్కి జారి, వెనక ఎడమ చక్రం బల్ల వదిలి, ఒక పక్కకి ఒరిగిపోయింది.

గంగయ్య వెళ్ళేసరికి పంటు మనుషులు ముందు చక్రాలకి దుంగలు అడ్డం పెట్టి, బంపరుకి మోకు కట్టి పట్టుకున్నారు. కుడి పక్క తలుపులోంచి పెద్దిరాజు భార్య శ్యామలాంబను బయటికి తీస్తున్నారు. ఆవిడ ఎడమచేతిని మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వకుండా గుండెలకి హత్తుకుంది. ఆవిడ మూత్రపిండాలు పనిచేయడం మానేసి ఏడాది దాటింది. వారానికి రెండుసార్లు భీమవరంలో ఓ ఆసుపత్రికి వెళ్ళి రక్తం శుద్ధి చేయించుకుంటోంది. రక్తం తీసి మళ్ళీ ఎక్కించేది, ఆపరేషను చేసి నరాలు కలిపిన ఆ చేతిలోంచే. ఆ చేతికి దెబ్బ తగిలితే మళ్ళీ ఆపరేషను చేయాలి. అది నయమయ్యేదాకా ఆగే ఓపిక ఆవిడ ఒంట్లో లేదు.

దెబ్బ తగల్లేదు. ఒడ్డున ఎవరో తెచ్చిన కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. పెద్దిరాజు చొక్కా అంతా బురద. తల ఎత్తి గంగయ్యని చూశాడు. మళ్ళీ భార్య వైపు తిరిగిపోయాడు. తిట్టినా బాగుండేది అనిపించింది గంగయ్యకి.

దొరికిన అద్దె కారులో వాళ్ళు చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి భీమవరం వెళ్ళిపోయారు. ఒరిగిన కారుని ట్రాక్టరు కట్టి పైకి లాగి, మళ్ళీ గంగయ్య షెడ్డులోనే దింపారు.

గంగయ్య పుట్టింది అంతర్వేది దగ్గర పల్లెపాలెంలో. తండ్రి తెరచాప పడవ మీద వేటకి వెళ్ళేవాడు. గంగయ్యకి మీసం వచ్చే వయసుకి పడవలకి ఇంజన్లు వచ్చాయి. వల లాగడం కంటే ఆ ఇంజను మీదే అతని మనసు పడింది. నరసాపురం నుంచి వెళ్ళే పెద్ద బోట్లలో డ్రైవరుగా కుదిరి, ఏళ్ళ తరబడి ఇంజను గదిలోనే కూర్చుని, అక్కడే తిని, ఆ రొదలోనే నిద్రపోయాడు. నడిసముద్రంలో ఇంజను మొరాయిస్తే పిలవడానికి ఎవరూ ఉండరు. కాబట్టి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి ఆనించి, ఏ సిలిండరు అలిగిందో, ఏ బేరింగు అరిగిందో వినడం నేర్చుకున్నాడు. తొంభయ్యారు తుఫానులో బోటు పోయింది. తను ఒక డ్రమ్ము పట్టుకుని తేలి ఎలాగో ఒడ్డున పడ్డాడు. ఇంక సముద్రం మాట ఎత్తితే పుట్టింటికి పోతానని భార్య లోవమ్మ పట్టుబట్టింది. అలా సఖినేటిపల్లి రోడ్డు మీద రేకుల షెడ్డు లేచింది. ట్రాక్టర్లు, జీపులు, చెరువుల దగ్గర నీళ్ళు తోడే ఇంజన్లు అన్నీ అక్కడికే వచ్చేవి. గంగయ్య చెవి పెట్టాడంటే రోగం దొరికినట్టే అని చుట్టుపక్కల ఊళ్ళలో ఒక పేరు పడిపోయింది.

ఆ చెవే ఇప్పుడు అతన్ని మోసం చేస్తోంది. బోటు ఇంజన్ల రొద ఊరికే పోలేదు. కుడిచెవి ఎప్పుడో మూగబోయింది. ఎడమచెవి కూడా ఈమధ్య మందగిస్తోంది. ఈ సంగతి లోవమ్మకి తప్ప ఎవరికీ తెలియదు. కుడి పక్క నుంచి పిలిస్తే పలకడం లేదని ఆమే కనిపెట్టింది. ఎక్కడా నోరు జారవద్దని అతను మాట తీసుకున్నాడు. చెవి మీద బతికే మెకానిక్కుకి చెవుడని తెలిస్తే బండి ఎవరు వదులుతారని అతని బెంగ.

ఆ మధ్యాహ్నం షెడ్డులో కారు స్టార్టు చేస్తే మొదటి తాళానికే అందుకుంది. నిమ్మళంగా తిరుగుతోంది. గంగయ్య బానెట్ ఎత్తి ఎంతసేపు నిలబడ్డా వణుకూ లేదు, వెక్కూ లేదు. పొద్దున మనుషుల ప్రాణాల మీదికి తెచ్చిన ఇంజను అదేనా అన్నట్టుంది. విరిగి ముక్కలై ఉన్నా ఇంత భయం వేసేది కాదు. స్క్రూడ్రైవరు ఎడమచెవికి ఆనించాడు. దూరంగా ఎక్కడో నీళ్ళ కింద మోగుతున్నట్టు ఒక గుర్రుమనే మోత. అందులో తప్పు ఉందో లేదో తేల్చుకోలేకపోయాడు. నిన్న కూడా ఇంతే విన్నాడు. నిన్న తేలనిదాన్ని తేలిందని చెప్పేశాడు. 

అన్నం క్యారేజీ తెచ్చిన లోవమ్మని వినమన్నాడు. ఆమె చెవి ఒగ్గి విని, కుట్టుమిషనులా బానే తిరుగుతోందని చెప్పింది. అతను అన్నం ముట్టలేదు.

పొద్దువాలాక పెద్దిరాజు వచ్చాడు. కొబ్బరితోటలు, కాస్త వరిపొలం ఉన్న రైతు ఆయన. కోపం వచ్చినా గొంతు పెంచే మనిషి కాదు. చుట్టు తిరిగి వెళ్ళేసరికి ఆలస్యమై, శ్యామలాంబకి కేటాయించిన మిషను ఇంకొకరికి పెట్టేశారట. బతిమాలుకుంటే సగం సేపే ఎక్కించారట. అద్దె కారు కుదుపులకి ఆవిడ దారి పొడుగునా వాంతులు చేసుకుందట. కాళ్ళు వాచిపోయాయి, పడుకుంటే ఆయాసం వస్తోంది. ఎల్లుండి పొద్దున్న మళ్ళీ వెళ్ళాలి. అది మాత్రం తప్పితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఎల్లుండి పెద్ద ముహూర్తం, అద్దె కార్లన్నీ పెళ్ళిళ్ళకి వెళ్ళిపోయాయి.

"రాజమండ్రి షోరూముకి పంపమని మా తమ్ముడు అంటున్నాడు. అక్కడ పెడితే వారం ఆగాలి," అన్నాడు పెద్దిరాజు. "గంగయ్యా, అవుతుందంటే చెయ్యి. అవదంటే ఇప్పుడే చెప్పు, ఇంకేదైనా చూసుకుంటాను. నిన్నటిలాగా మాత్రం చెప్పకు."

 రేపు సాయంత్రంలోగా ఏ సంగతీ చెబుతానన్నాడు గంగయ్య. 

తెల్లవారగానే అతను షెడ్డుకి పోకుండా పెద్దిరాజు ఇంటికి వెళ్ళాడు. అంతకుముందు ఎప్పుడూ బండిలో కూర్చునేవాళ్ళని అడగడం అతనికి అలవాటు లేదు. బండే చెబుతుందనేవాడు. ఇప్పుడు అడగక తప్పలేదు. శ్యామలాంబ వరండాలో వాలుకుర్చీలో తల వెనక్కి ఆనించి ఉంది. ముఖం ఉబ్బి, కళ్ళు సగమే తెరుచుకుంటున్నాయి. అయినా అతన్ని చూసి మనవరాలి చేత పీట వేయించింది. క్షమించమని అడగబోతే చెయ్యి అడ్డం పెట్టింది. కారు గురించి అడిగితే మాత్రం, ఎవరైనా అడుగుతారా అని ఎదురుచూస్తున్నదానిలా చెప్పడం మొదలుపెట్టింది.

వారానికి రెండుసార్లు ఆ వెనక సీటులో కళ్ళు మూసుకుని పడుకునే మనిషి ఆవిడ. చేసే పనేమీ లేదు కాబట్టి కారు చేసే ప్రతి చప్పుడూ ఆవిడకి కంఠతా వచ్చేసింది. రోడ్డు మీద పోతున్నంతసేపూ ఏమీ ఉండదట. బయల్దేరిన కొత్తలోనూ ఉండదట. రేవు దగ్గర వరసలో ఆగి, పంటు కోసం ఇంజను అలా తిరుగుతూ ఉన్నప్పుడే మొదలవుతుందట. ముందు సీటు కింద సన్నగా వణుకు. తర్వాత చంటిపిల్లకి ఎక్కిళ్ళు వచ్చినట్టు ఆగి ఆగి కొట్టుకోవడం. అప్పుడే కాలిన నూనె వాసన. మళ్ళీ బండి కదిలితే అన్నీ సర్దుకుంటాయి.

"నెల్నాళ్ళ నుంచీ ఉంది. మీ గంగయ్యకి చెప్పండి అన్నాను. చెప్పారట. నువ్వు విని ఏమీ లేదన్నావట," అంది శ్యామలాంబ.

 ఆవిడ ఇంకేదో మెల్లగా అడిగింది. అతను వినబడక, ఎడమచెవి ఆవిడ వైపు తిప్పి ముందుకి వంగాడు. ఆవిడ చాలాసేపు అతని ముఖంలోకి చూసింది.

"గంగయ్యా, నీకు ఆ పక్క చెవి వినపడదా?"

అబద్ధం నోటి దాకా వచ్చింది. కాని ఆవిడ గుండెలకి హత్తుకున్న చెయ్యి అతని కళ్ళ ముందు మెదిలింది. "వినపడదండి," అన్నాడు. "ఈ పక్కది కూడా పోతోందండి. ఎవరితోనూ అన్లేదండి."

ఆవిడ కోప్పడలేదు. ఓదార్చనూ లేదు. "నేను ఆయనతో చెప్పను. నువ్వే చెప్పాలి. ముందు కారు సంగతి చూడు," అని కళ్ళు మూసుకుంది.

షెడ్డుకి వచ్చి గంగయ్య ఇంకో పని చేశాడు. అది కూడా ఇన్నాళ్ళూ అహం అడ్డొచ్చి చేయనిదే. లోవమ్మ అన్నకొడుకు సురేంద్ర రాజమండ్రిలో ఒక కార్ల సర్వీసు సెంటర్లో పనిచేస్తున్నాడు. కొత్త బళ్ళకి కంప్యూటరు వచ్చింది మావయ్యా, ఏదైనా ఉంటే అడుగు అని కనబడినప్పుడల్లా అనేవాడు. నిన్నగాక మొన్న పుట్టినవాణ్ణి నేను అడగడమేంటి అనుకునేవాడు గంగయ్య. ఫోను ఎడమచెవికి అదిమి పెట్టుకుని, శ్యామలాంబ చెప్పినదంతా చెప్పాడు. సురేంద్ర రెండు ప్రశ్నలు వేసి, అది ఈజీఆర్ వాల్వు అయ్యుంటుందన్నాడు.

ఆ పేరు గంగయ్య వినడం అదే మొదలు. సురేంద్ర ఓపిగ్గా విడమరిచాడు. పొగగొట్టంలోంచి బయటికి పోయే పొగని కొంచెం వెనక్కి తిప్పి, ఇంజను పీల్చే గాలిలో కలుపుతారు. అలా చేస్తే మంట వేడి తగ్గి, ఊరి గాలి పాడవకుండా ఉంటుంది. ఎప్పుడు ఎంత పొగ పంపాలో చూసుకునే తలుపే ఆ వాల్వు. అది మూసుకోవలసినప్పుడు మూసుకోకపోతే, నిలబడి మెల్లగా తిరిగే ఇంజనుకి మంచిగాలి చాలక ఉక్కిరిబిక్కిరై ఆగిపోతుంది. రోడ్డు మీద జోరుగా పోతున్నప్పుడు గాలి ఎక్కువ కాబట్టి తెలియదు. గంగయ్యకి విషయం సగంలోనే అందింది. అతను సముద్రం మీద చూసిన ఇంజన్లకి ఇలాంటి తలుపు లేదు, కాని పొగ నిండిన గదిలో ఇంజను ఎలా గిలగిల్లాడుతుందో అతనికి తెలుసు.

గాలి గొట్టం ఊడదీసి వేలు పెట్టాడు. వేలికి జిగురుగా, తారులా నల్లటి మసి అంటుకుంది. ఆ వెనకే ఉంది వాల్వు, గొడుగు ఆకారంలో, అరచేతిలో పట్టేంత. దాన్ని పట్టి ఉంచిన బోల్టుల్లో అన్నీ వచ్చాయి, ఒక్కటి తప్ప. మూల ఉన్న ఆ బోల్టు వేడికీ మసికీ అతుక్కుపోయింది. స్పానరు వేసి కొంచెం బలం పెడితే మెలి తిరుగుతున్నట్టు చేతికి తెలిసింది. గంగయ్య ఠక్కున ఆపేశాడు. అది లోపల విరిగిందా, ఇంజను తల విప్పి డ్రిల్లింగుకి పంపాలి. రేపటి మాట దేవుడెరుగు, వారంలో కూడా కాదు. నూనె వేశాడు. ఆగాడు. చిన్న సుత్తితో తల మీద తట్టాడు. మళ్ళీ నూనె, మళ్ళీ ఆగడం. ఎండ షెడ్డు రేకుల మీదికి వచ్చింది. మంట చిమ్మే దీపం గొట్టంతో చుట్టూ వేడి చేసి, ఊపిరి బిగబట్టి, స్పానరుని ముందు బిగించే వైపు ఒక్క వెంట్రుక, తర్వాత వదులు చేసే వైపు ఒక్క వెంట్రుక కదిపాడు. కిర్రుమని ఉంటుంది, అతనికి వినబడలేదు. చేతికి మాత్రం ఏదో పట్టు సడలినట్టు తెలిసింది. మెల్లగా బోల్టు మొత్తం బయటికి తీశాడు.

వాల్వు నోట్లో మసి పేరుకుని గట్టిపడి, తలుపు సగంలోనే ఇరుక్కుపోయి ఉంది. వెదురుపుల్లతో గీకి, కిరసనాయిల్లో నానబెట్టి, బ్రష్షుతో తోమాడు. గొడుగు నెత్తిన ఉన్న సన్నగొట్టాన్ని నోటితో పీలిస్తే తలుపు లేచింది, వదిలితే స్ప్రింగు దెబ్బకి టక్కున పడింది. మూసిన తలుపు మీద డీజిల్ పోసి చూస్తే కింద చుక్క కారలేదు. కొత్త ప్యాకింగు అట్ట కత్తిరించి బిగించాడు. ఇంజను స్టార్టు చేశాడు. మెత్తగా తిరిగింది. అయినా నమ్మలేదు. వేడెక్కాక నిలబడినప్పుడే అని ఆవిడ చెప్పిన మాట మరిచిపోలేదు. అంతర్వేది రోడ్డు మీద దూరం పోయి తిరిగొచ్చి, షెడ్డు ముందు ఆపి, ఇంజను అలాగే ఉంచి, ముందు సీట్లో కూర్చున్నాడు.

కాసేపు ఏమీ లేదు. తర్వాత సీటు కింద నుంచి సన్నటి వణుకు మొదలైంది. లోవమ్మ బయట నిలబడి చెయ్యి ఎత్తింది, ఆమెకీ వినబడింది. ఒక ఎక్కిలి, ఇంకొకటి. ఇంజను ఆగిపోయింది.

గంగయ్య స్టీరింగు మీద తల ఆనించాడు. పొద్దు వాలిపోతోంది. పెద్దిరాజుకి చెబుతానన్న వేళ దగ్గరపడింది. చేయవలసింది చేశాడు, అయినా అదే జబ్బు. లేచి పోయి నా వల్ల కాదండీ అని చెప్పేయాలని ఒక క్షణం అనిపించింది. చెబితే ఆవిడ ఎలా వెళుతుంది అని మరుక్షణం అనిపించింది.

మళ్ళీ స్టార్టు చేసి కిందికి దిగాడు. ఈసారి చెవి పెట్టలేదు. వాల్వు నెత్తిన ఉన్న సన్నగొట్టాన్ని ఊడబీకి, దాని మూతికి బొటనవేలు అడ్డం పెట్టాడు. తలుపుని ఎత్తేది ఆ గొట్టంలోంచి వచ్చే పీల్పే. బండి నిలబడి ఉన్నప్పుడు అంత పీల్పు ఉండకూడదని సురేంద్ర చెప్పాడు. వేలు మూతికి అతుక్కుపోయింది. బలంగా లాగుతోంది. గొట్టం ఊడిన ఇంజను మాత్రం నిక్షేపంగా తిరుగుతోంది. అప్పుడు అర్థమైంది. తలుపు బాగైంది, దాన్ని తెరవమని మూయమని ఆజ్ఞ ఇచ్చే చిన్న కరెంటు స్విచ్చు చెడింది. వేడెక్కితే అది తెరిచే ఉండిపోతోంది. ఎప్పుడూ అలా తెరిచి ఉండబట్టే మసి అంతలా పేరుకుంది.

సురేంద్రకి మళ్ళీ ఫోను చేశాడు. స్విచ్చు రాజమండ్రిలో ఉంది, రేపు బస్సుకి ఇచ్చి పంపుతానన్నాడు. అది చేరేసరికి రేపు సాయంత్రం. అప్పటిదాకా గొట్టం మూతికి బోల్టు దూర్చి బిగించేయి మావయ్యా, స్ప్రింగే తలుపుని మూసి ఉంచుతుంది, డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలుగుతుంది, భయపడకు అన్నాడు. నాలుగురోజులు నడిపితే ఇంజనుకి ఏమీ కాదన్నాడు. గంగయ్య అలాగే చేశాడు. బ్రేకుకి బలమిచ్చేదీ అదే పీల్పు కాబట్టి, బ్రేకు మళ్ళీ మళ్ళీ తొక్కి చూశాడు. మళ్ళీ రోడ్డు మీదికి పోయి వచ్చి నిలబెట్టాడు. వెలుతురు తగ్గేదాకా ఇంజను ఆగకుండా తిరుగుతూనే ఉంది.

పెద్దిరాజు ఇంటి అరుగు దగ్గర గంగయ్య చెప్పులు విడిచాడు. కారు గురించి చెప్పడం తేలికే అయింది. జబ్బు ఇదీ, చేసింది ఇదీ, ఇంకా రావలసింది ఇదీ అని దాచకుండా చెప్పాడు. 

"ఇంకోటి ఉందండి. నాకు కుడిచెవి లేదండి. ఎడమది సగమేనండి. మొన్న నేను విని చెప్పలేదండి. వినపడకే చెప్పేశానండి."

పెద్దిరాజు తోట వైపు తిరిగాడు. లోపల శ్యామలాంబ దగ్గింది. "ఆవిడకి ఏమన్నా అయ్యుంటే," అని ఆయన మొదలుపెట్టి, ఆపేశాడు. ఆ వాక్యం పూర్తి చేయకపోవడమే గంగయ్యకి శిక్షలా తోచింది.

చివరికి ఆయనే అన్నాడు. "రేపు నువ్వే నడుపు. నేను వెనకాల ఆవిడ పక్కన కూర్చుంటాను."

మర్నాడు పొద్దున్నే బయల్దేరారు. డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలుగుతోంది. దాన్ని చూసి పెద్దిరాజు ముఖం మారింది, గంగయ్య మళ్ళీ సర్దిచెప్పాడు. రేవు దగ్గర పెళ్ళి వ్యాన్లతో వరస చాంతాడంత ఉంది. బండి నిలిపితే ఇంజను ఆగిపోతుందేమో, నిలపకపోతే బాగైందో లేదో తెలిసేదెలా? ఇంజను తిరుగుతుండగానే వరసలో నిలబెట్టాడు. ఎడమచేతి అరచేయి గేరు రాడ్డు మీద ఆనించి ఉంచాడు. వణుకు వస్తే ముందు ఆ చేతికే తెలుస్తుంది. చుట్టూ హారన్లు మోగుతున్నాయట, అతనికి దూరంగా ఎక్కడో పిట్టల కూతల్లా ఉన్నాయి. పంటు ఒకసారి వెళ్ళి తిరిగొచ్చింది.  ఏ వణుకూ లేదు.

బల్లల మీదికి ముందు చక్రాలు ఎక్కాయి. మొన్నటి మాదిరే ముందున్న వ్యాను మధ్యలో ఆగింది. గంగయ్య బ్రేకు మీద కాలు పెట్టి, చేతి బ్రేకు కూడా లాగాడు. కారు ముక్కు ఆకాశం వైపు ఉంది. పక్క అద్దంలో బల్లల కింద గోధుమరంగు నీళ్ళు కనిపిస్తున్నాయి. పంటు మనిషి ఒకడు మొన్నటి కారుని గుర్తుపట్టి, చెప్పకుండానే దుంగ పట్టుకొచ్చి వెనక చక్రం దగ్గర నిలబడ్డాడు. పెద్దిరాజు ముందు సీటు వెనకభాగాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. శ్యామలాంబ మాత్రం ముందుకి వంగి, గంగయ్య ఎడమచెవి దగ్గరగా గట్టిగా చెప్పింది.

"బానే ఉంది. ఎక్కిళ్ళు లేవు. పోనీ."

వ్యాను కదిలింది. గంగయ్య చేతి బ్రేకు వదిలి, బండిని పంటు మీదికి ఎక్కించాడు. పంటు ఒడ్డు వదిలాక తలుపు తీసి దిగాడు. వెనక చక్రానికి దుంగ అడ్డం పెట్టించాడు.

భీమవరంలో శ్యామలాంబని లోపలికి తీసుకెళ్ళాక, చెవుల డాక్టరు ఎక్కడున్నాడో నర్సుని అడిగి గంగయ్యని పంపమని ఆవిడే పెద్దిరాజుతో చెప్పింది. కుడిచెవి ఇంక రాదని డాక్టరు చెప్పాడు. ఎడమచెవిని మాత్రం రొదకి దూరంగా ఉంచితే ఉన్నది నిలుస్తుంది, చెవి మిషను పెట్టుకుంటే మాటలు వినబడతాయి అన్నాడు. స్విచ్చు ఆ సాయంత్రం బస్సులో వచ్చింది. బిగించాక పసుపు దీపం ఆరిపోయింది.

చెవుడు సంగతి ఊళ్ళో దాగలేదు. గంగయ్య కూడా దాచలేదు. కొందరు బళ్ళు వేరే షెడ్డులకి తోలుకుపోయారు. ఒక నెలంతా షెడ్డు బోసిపోయి ఉంది. తర్వాత ఒక్కొక్కరే తిరిగొచ్చారు. వచ్చినవాళ్ళని ముందు స్టూలు మీద కూర్చోబెట్టి, మీకేం వినబడుతోంది, ఎప్పుడు వినబడుతోంది అని అడిగి, వాళ్ళు చెప్పేది పూర్తిగా విన్నాకే బానెట్ ఎత్తడం అతనికి అలవాటైంది. డ్రైవర్లని ఒక్కళ్ళనే కాదు, వెనక సీట్లో కూర్చునేవాళ్ళనీ అడిగేవాడు. తెలియనిది ఉంటే సురేంద్రకి ఫోను చేసేవాడు. చెవి మిషను మాత్రం ఇంట్లోనే పెట్టుకునేవాడు, షెడ్డులో సుత్తి దెబ్బ పడితే తలలో పిడుగు పడ్డట్టుండేది.

పెద్దిరాజు ఆ రేవు సంగతి మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. కోతల రోజుల్లో తనకి తీరిక లేనప్పుడు తాళాలు తెచ్చి గంగయ్య చేతికి ఇచ్చేవాడు. గంగయ్య పని ఆపి, చేతులు కడుక్కుని, శ్యామలాంబని భీమవరం తీసుకెళ్ళి తీసుకొచ్చేవాడు. వరదలకి పంటు ఆగిపోయిన రోజుల్లో వంతెన మీదుగా, గతుకులు తప్పించుకుంటూ, నెమ్మదిగా పోయేవాడు. ఆవిడ కళ్ళు మూసుకుని వింటూ పడుకునేది. ఏదైనా తేడాగా వినిపిస్తే అతని భుజం తట్టేది.